పెద్దవాళ్లలో పేగులోకి పేగు దూరితే: నొప్పి మొదలైన నాటి నుంచి బయాప్సీ రిపోర్టు దాకా

మన వైపు కడుపునొప్పికి మొదట పెట్టే పేరు గ్యాస్. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఒక ఇంజెక్షన్ వేసి, పరగడుపున వేసుకోమని వారానికి సరిపడా గోలీలు ఇస్తాడు. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది కూడా. అయితే నలభై, యాభై దాటిన మనిషికి నొప్పి ఉన్నట్టుండి మెలిపెట్టి, వాంతి చేయించి, గంటకో రెండు గంటలకో దానంతటదే వదిలేసి, పది రోజులకు మళ్లీ వస్తుంటే దాన్ని గ్యాస్ ఖాతాలో వేయకూడదు. అలా వచ్చిపోయే నొప్పి వెనక ఉండే కారణాల్లో ఒకటి ఇంటససెప్షన్, అంటే పేగులో ఒక భాగం దాని పక్క భాగంలోకి దూరిపోవడం.

పొడుగు చేతుల చొక్కా విప్పేటప్పుడు చేయి లోపలికి మడతపడి ఇరుక్కుంటుంది కదా, పేగులో జరిగేదీ అదే. కాకపోతే పేగు ఒక్కటే లోపలికి పోదు. దాన్ని పట్టి ఉంచే కొవ్వు పొరను, అందులోని రక్తనాళాలను కూడా వెంట లాక్కుపోతుంది. ముందు పల్చటి సిరలు నొక్కుకుపోయి పేగు గోడ ఉబ్బుతుంది. ఆ వాపు పెరిగేకొద్దీ ధమనుల్లోనూ రక్తం ఆగుతుంది. రక్తం అందని పేగు నల్లబడి, కుళ్లి, చివరికి చిల్లు పడుతుంది.

ఇది ప్రధానంగా చిన్నపిల్లల జబ్బు. మొత్తం ఇంటససెప్షన్లలో పెద్దవాళ్లవి నూటికి అయిదు మాత్రమే. పేగు మూసుకుపోయి ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్లలోనూ నూటికి ఒకరి నుంచి అయిదుగురి దాకానే ఈ కారణం కనిపిస్తుంది. 1674లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బార్బెట్ అనే వైద్యుడు వర్ణించిన జబ్బే అయినా, సీటీ స్కాన్లు వచ్చేదాకా పెద్దవాళ్లలో ఎక్కువగా పొట్ట తెరిచాకే బయటపడేది.

పిల్లల్లో చాలావరకు కారణమంటూ కనిపించదు. గాలితోనో, ద్రవంతోనో ఎనిమా ఇచ్చి దూరిన పేగును వెనక్కి నెట్టేస్తే పని అయిపోతుంది. పెద్దవాళ్లలో అలా కాదు. ఆపరేషన్ దాకా వచ్చిన పెద్దవాళ్లలో సుమారు తొంభై శాతం మందికి లోపల గడ్డో, పాలిపో (పేగు లోపలి గోడ మీద మొటిమలా పెరిగే కండ), పుండు మానిన మచ్చో ఏదో ఒకటి ఉండి, పేగు కదలికతో పాటు ముందుకు జరుగుతూ గోడను లోపలికి లాగుతుంది. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ వెతకాల్సింది దాన్నే. పేగు వెనక్కి వచ్చేసిందని సంతోషపడి ఇంటికి పోతే అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది.

మెట్టు 1: నొప్పి తీరు రాసుకోండి

పిల్లల్లో నొప్పి, పొట్టలో గడ్డ, జిగురుతో కూడిన రక్త విరేచనం మూడూ కలిసి రావడం పుస్తకాల్లో ఉండే లక్షణం. పెద్దవాళ్లలో ఆ మూడూ ఒకేసారి కనిపించడం అరుదు. ఎక్కువమంది చెప్పేది ఇంతే: "కడుపుల మెలి తిప్పినట్టయితాంది, కాసేపుంటే తగ్గుతాంది, మల్ల వస్తాంది." వారాలు, కొందరికి నెలలు ఇలాగే నడుస్తుంది. డాక్టరు ముందు కూర్చునే సమయానికి నొప్పి ఉండదు, పొట్ట మెత్తగా ఉంటుంది, మామూలు స్కాన్‌లో ఏమీ కనిపించదు. రోగి మీద ఇంట్లోవాళ్లకే అనుమానం వస్తుంది. ఈ జబ్బు దొరక్కుండా పోయేది ఇక్కడే.

అందుకని ఒక కాగితం మీద రాసుకోండి. నొప్పి ఏ తేదీన వచ్చింది, ఎంతసేపు ఉంది, తిన్నాక వచ్చిందా, వాంతి అయిందా, వాంతిలో పచ్చటి పసరు ఉందా, ఆ సమయంలో పొట్ట ఒకవైపు గట్టిగా ఉబ్బి తగ్గిందా, మలంలో రక్తం పడిందా లేక మలం నల్లగా ఉందా, ఈ మధ్య బరువు తగ్గారా, సాయంత్రాలు జ్వరం వస్తోందా. పాత సంగతులు కూడా: పొట్ట ఆపరేషన్లు, బరువు తగ్గడానికి చేయించుకున్న బైపాస్, టీబీ మందులు వాడడం, ఎప్పుడైనా తీయించుకున్న నల్లటి పుట్టుమచ్చ, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్. ఓపీలో డాక్టరుకు దొరికేది కొద్ది నిమిషాలే కాబట్టి ఈ కాగితం పది మాటల పని చేస్తుంది.

పెదవుల మీద, చిగుళ్ల మీద చిన్నప్పటి నుంచి నల్లటి చుక్కలున్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ప్యూట్జ్-జెగర్స్ అనే వంశపారంపర్య జబ్బులో అలాంటి చుక్కలతో పాటు పేగుల నిండా పాలిప్‌లు పెరుగుతాయి. అవి మళ్లీ మళ్లీ ఇంటససెప్షన్ తెస్తాయి.

మెట్టు 2: ఎప్పుడు ఆగకూడదు

వచ్చిపోయే నొప్పి ఆగకుండా ఉండే నొప్పిగా మారడం చెడ్డ గుర్తు. దానితో పాటు పొట్ట ఉబ్బరం, ఆగని వాంతులు, మలంగానీ గాలిగానీ పోకపోవడం, జ్వరం, గుండె దడ, ముట్టుకుంటే ఓర్చుకోలేనంతగా పొట్ట బిగుసుకోవడం, రక్త విరేచనం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రాత్రే బయలుదేరాలి. షుగర్ ఉన్న పెద్ద వయసువాళ్లలో పేగు చెడిపోతున్నా నొప్పి అంతగా తెలియకపోవచ్చు. "పెద్దాయన ఊరికే పడుకుంటున్నడు, ఏం తింటలేడు" అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. గర్భిణికి ఆగని వాంతులతో పాటు మెలిపెట్టే నొప్పి ఉంటే వేవిళ్లని సరిపెట్టుకోకూడదు.

బయలుదేరే ముందు చేయకూడనివి కొన్ని ఉన్నాయి. అన్నం, పాలు, సోడా, వాము నీళ్లు ఏవీ ఇవ్వొద్దు. మత్తు ఇవ్వాల్సి వచ్చినప్పుడు కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. విరేచనానికి మందు వేయొద్దు, ఎనిమా పెట్టొద్దు. బొడ్డు జరిగిందని పొట్ట తోమించడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే మెత్తబడిన పేగు చిల్లు పడడానికి అంత ఒత్తిడి చాలు. నొప్పికి ఇంజెక్షన్ వేయించుకుంటే తప్పు లేదు. నొప్పి తగ్గింది కదా అని ఇంటికి తిరిగిపోవడమే తప్పు.

మెట్టు 3: ఎక్కడికి పోవాలి

దగ్గరున్నది ఏ ఆసుపత్రి అని చూడటం కంటే, ఈ రాత్రి సీటీ ఎక్కడ నడుస్తోంది, సర్జన్, మత్తు డాక్టరు ఎక్కడ ఉన్నారు అని చూడాలి. ఏటూరునాగారం నుంచి వరంగల్ సుమారు వంద కిలోమీటర్లు. మధ్యలో రెండు చోట్ల ఆగి, రెండు చోట్లా సెలైన్ పెట్టించుకుని, మూడో చోట స్కాన్ లేదని తెలుసుకునేసరికి తెల్లారుతుంది. 108కు ఫోన్ చేసినప్పుడు పేగు మూసుకుపోయినట్టు అనుమానమని స్పష్టంగా చెప్పండి. దగ్గరి ఏరియా ఆసుపత్రిలో సెలైన్ మొదలుపెట్టించి, రెఫరల్ కాగితంతో నేరుగా పెద్దాసుపత్రికి పోవడం మేలు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు వాళ్లకు వరంగల్ ఎంజీఎం, ఆదిలాబాద్ వైపు వాళ్లకు రిమ్స్, కరీంనగర్ చుట్టుపక్కల వాళ్లకు అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉన్నాయి. ప్రైవేటుకు పోయేవాళ్లు ముందు ఫోన్ చేసి సీటీ, సర్జన్, ఐసీయూ మూడూ ఉన్నాయో లేదో అడగాలి.

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. రేషన్ కార్డు, ఆధార్ సంచిలో వేసుకోండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు ఎక్కడుందో వెంట వచ్చినవాళ్లలో ఒకరు కనుక్కోవాలి, మిగతావాళ్లు రోగి దగ్గర ఉండాలి. అందరూ కాగితాల వెంట పడితే లోపల డాక్టరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లే ఉండరు.

మెట్టు 4: క్యాజువాలిటీలో జరగాల్సినవి

రోగనిర్ధారణ అయ్యేదాకా చికిత్స ఆగదు. పేగు మూసుకుపోయిన మనిషి ఒంట్లోని నీరు, ఉప్పు, పొటాషియం వాంతుల్లోనూ, ఉబ్బిన పేగుల్లోకీ పోతాయి. సెలైన్‌తో వాటిని భర్తీ చేయాలి. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేసి నిలవ ఉన్న పసరు తీసేస్తారు. ఆ పైపు చూసి ఇంట్లోవాళ్లు భయపడతారు, రోగి పీకేసుకుంటానంటాడు. దానివల్ల వాంతులు తగ్గి, పొట్ట తేలికపడి, మత్తు ఇచ్చేటప్పుడు ప్రాణాపాయం తప్పుతుంది కాబట్టి ఓర్చుకునేలా చూడండి. మూత్రానికి పైపు వేసేది ఒంట్లో నీరు సరిపోయిందో లేదో కొలవడానికి. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు, అంటే అరవై కిలోల మనిషికి గంటకు ముప్పై మిల్లీలీటర్ల మూత్రమైనా రావాలి.

రక్తపరీక్షల్లో తెల్లకణాలు, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, లాక్టేట్ చూస్తారు. లాక్టేట్ (రక్తం అందని కండ నుంచి వచ్చే ఆమ్లం) లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటితే పేగుకు రక్తం అందడం లేదేమో అన్న అనుమానం బలపడుతుంది. మామూలుగా ఉంటే మాత్రం పేగు బాగుందని హామీ ఏమీ లేదు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో గాలి-నీటి మట్టాలు కనిపిస్తే పేగు మూసుకుపోయినట్టు. ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) కింద గాలి కనిపిస్తే చిల్లు పడినట్టు. అప్పుడు ఇక స్కాన్ల గురించి చర్చ పెట్టుకోకుండా ఆపరేషన్‌కు సిద్ధం కావాల్సి రావచ్చు. ఎందుకు మూసుకుపోయిందో ఎక్స్‌రే చెప్పదు.

మెట్టు 5: స్కాన్, అందులో చూడాల్సినవి

అల్ట్రాసౌండ్ చవక, త్వరగా అయిపోతుంది, గర్భిణులకు ఇబ్బంది లేదు. దూరిన పేగును అడ్డంగా చూస్తే వలయంలో వలయం కనిపిస్తుంది. కానీ పేగుల్లో గాలి నిండితే తెర మీద ఏమీ కనిపించదు, పైగా చేసేవాళ్ల అనుభవం మీద చాలా ఆధారపడుతుంది. అల్ట్రాసౌండ్ నార్మల్ అని వచ్చినంత మాత్రాన వచ్చిపోయే నొప్పి కథ ముగిసినట్టు కాదు.

పెద్దవాళ్లలో నమ్మాల్సింది సీటీ, అదీ నరంలోకి కాంట్రాస్ట్ (రక్తం అందే భాగాలు స్కాన్‌లో స్పష్టంగా కనిపించేలా చేసే) మందు ఇచ్చి తీసినది. కాంట్రాస్ట్ లేని సీటీలో ఇంటససెప్షన్ కనిపించినా పేగు గోడకు రక్తం అందుతోందా లేదా తెలియదు. పేగు మూసుకుపోయినవాళ్లకు నోటితో కాంట్రాస్ట్ తాగించాల్సిన పని సాధారణంగా ఉండదు, పేగులో నిలిచిన నీరే ఆ పని చేస్తుంది. కిడ్నీ జబ్బు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడకం, ఇదివరకు కాంట్రాస్ట్‌తో దద్దుర్లు వచ్చిన సంగతి ముందే చెప్పాలి. వీలైతే నొప్పి ఉన్నప్పుడే సీటీ తీయించాలి. నొప్పి తగ్గాక తీస్తే పేగు అప్పటికి వెనక్కి వచ్చేసి, స్కాన్ శుభ్రంగా కనిపించవచ్చు.

రిపోర్టులో ఇంటససెప్షన్ అని ఒక్క మాట ఉంటే చాలదు. దూరింది చిన్నపేగులోకి చిన్నపేగా, పెద్దపేగులోకి చిన్నపేగా, పెద్దపేగులోకి పెద్దపేగా? ఎంత పొడవు? కొసన గడ్డ ఉందా, ఉంటే కొవ్వుగడ్డలా ఉందా? పైనున్న పేగు ఉబ్బిందా? గోడకు రక్తం అందుతోందా? చుట్టూ నీరు, లింఫ్ గ్రంథుల వాపు, కాలేయంలో మచ్చలు ఉన్నాయా? ఈ ప్రశ్నలు సర్జన్ స్వయంగా రేడియాలజిస్టును అడగాలి. ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చుని చూసిన సీటీకీ, కాగితం మీద చదివిన సీటీకీ చాలా తేడా ఉంటుందని నా అభిప్రాయం. కొవ్వుగడ్డ సీటీలో నల్లగా, తేటగా తెలిసిపోతుంది కాబట్టి ఆపరేషన్ ఎంత పెద్దదన్నది కూడా అక్కడే కొంత తేలుతుంది.

దీనికి పూర్తిగా ఎదురైన పరిస్థితి కూడా ఒకటుంది. కిడ్నీలో రాళ్ల కోసమో, యాక్సిడెంట్ అయ్యాకో సీటీ తీయిస్తే చిన్నపేగులో చిన్న ఇంటససెప్షన్ ఉందని రిపోర్టులో రాస్తారు. మనిషికి ఆ బాధేమీ ఉండదు. పేగు కదలికల్లో కాసేపు అలా దూరి బయటికి రావడం మామూలుగానూ జరుగుతుంది. సీటీలు ఎక్కువయ్యాక ఇలాంటివి ఎక్కువగా కనిపిస్తున్నాయి. పొడవు 3.5 సెంటీమీటర్ల లోపు ఉండి, కొసన గడ్డ లేక, పైపేగు ఉబ్బక, లక్షణాలు లేకుండా ఉంటే దాదాపు ఎప్పుడూ కత్తి పట్టాల్సిన అవసరం రాదు. గమనిస్తూ ఉండి, అనుమానం ఉంటే మళ్లీ స్కాన్ చేస్తే చాలు. రిపోర్టులో ఆ పదం చూసి ఇంటర్నెట్‌లో వెతికి టెన్షన్ పడి, ఆపరేషన్ చేయమని పట్టుబట్టేవాళ్లూ ఉంటారు. అలాగే ఆ పదం ఉంది కదా అని ఆలోచించకుండా పొట్ట తెరిచే తొందర కూడా మంచిది కాదు.

మెట్టు 6: కారణం ఎక్కడుంటుంది

చిన్నపేగులో అయితే ఎక్కువగా ప్రాణాంతకం కానివే: కొవ్వుగడ్డ, పాలిప్, పుట్టుకతో చిన్నపేగు గోడకు ఉండే మెకెల్ అనే చిన్న సంచి, పాత ఆపరేషన్ల అతుకులు. సుమారు మూడో వంతు మందిలో మాత్రం క్యాన్సర్ ఉంటుంది. అది లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) కావచ్చు, జిస్ట్ (పేగు గోడలో పుట్టే ఒక రకం కణితి) కావచ్చు, చర్మపు మెలనోమా (పుట్టుమచ్చలా కనిపించే క్యాన్సర్) పేగుకు పాకినదీ కావచ్చు. పుట్టుమచ్చ సంగతి అడిగేది అందుకే. మన దేశంలో పేగు టీబీని కూడా మనసులో పెట్టుకోవాలి. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట అది గట్టి కణితిలా పెరిగి సీటీలో అచ్చం క్యాన్సర్‌లా కనిపిస్తుంది.

పెద్దపేగులో లెక్క తిరగబడుతుంది. అక్కడ ఇంటససెప్షన్ వచ్చిన పెద్దవాళ్లలో సగానికి పైగా మందికి క్యాన్సరే కారణం. పరిస్థితి నిలకడగా ఉండి, పేగు పూర్తిగా మూసుకుపోకపోతే కొలనోస్కోపీ (మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి చూడడం) చేసి ముక్క తీయవచ్చు. పేగు నల్లబడిందన్న అనుమానం ఉంటే కొలనోస్కోపీతో గాలి ఊదడం ప్రమాదం.

మెట్టు 7: ఆపరేషన్ నిర్ణయం

లక్షణాలు ఉండి, కొసన గడ్డ కనిపించిన పెద్దవాళ్లకు చికిత్స ఆపరేషనే. పిల్లలకు చేసినట్టు ఎనిమాతో వెనక్కి నెట్టమని అడగవద్దు. నెట్టినా గడ్డ అక్కడే ఉంటుంది, క్యాన్సరైతే కణాలు చెదిరే భయం, పేగు మెత్తబడి ఉంటే పగిలే భయం.

పెద్దపేగులో అయితే దూరిన భాగాన్ని విడదీయకుండా, ఉన్నది ఉన్నట్టుగా, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులతో సహా తీసేయడం సరైన పద్ధతి. క్యాన్సర్ అవకాశం అంత ఎక్కువ కాబట్టి బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టు చేతిలో లేకపోయినా క్యాన్సర్ ఆపరేషన్‌లాగే చేస్తారు. చిన్నపేగు పెద్దపేగులోకి దూరినప్పుడు కూడా చాలామంది సర్జన్లు ఇదే దారి పడతారు.

చిన్నపేగులో వాదన వేరు. పేగు ఆరోగ్యంగా ఉండి, గడ్డ మామూలుదిగా కనిపిస్తే ముందు నెమ్మదిగా విడదీసి, గడ్డ ఉన్న కొద్ది భాగాన్నే తీసేస్తారు. దానివల్ల పేగు పొడవు మిగులుతుంది. పాలిప్‌లు మళ్లీ మళ్లీ వచ్చే ప్యూట్జ్-జెగర్స్ రోగులకు ప్రతి అడుగు పేగూ విలువైనదే. విడదీసేటప్పుడు లోపలికి పోయిన భాగాన్ని పట్టి లాగకూడదు, ముందు కొస నుంచి పిండుతూ వెనక్కి జరపాలి. తర్వాత వెచ్చటి సెలైన్ గుడ్డ చుట్టి రంగు తిరుగుతుందా, కదలిక వస్తుందా, నాళాలు కొట్టుకుంటున్నాయా చూస్తారు. నల్లగానే ఉంటే తీసేయాల్సిందే.

పొట్ట మరీ ఉబ్బకపోతే, చేసేవాళ్లకు చేయి తిరిగి ఉంటే లాప్రోస్కోపీతోనూ చేయవచ్చు. చిన్న రంధ్రాల కోసం పట్టుబట్టడం కంటే, అవసరమైతే తెరిచే స్వేచ్ఛ సర్జన్‌కు ఇవ్వడం మంచిది.

సంతకం పెట్టే ముందు అడగండి: ఎంత పేగు తీయొచ్చు, వెంటనే కలుపుతారా లేక పొట్ట మీద స్టోమా (పేగు కొసను బయటికి తెచ్చి పెట్టే ద్వారం) పెట్టాల్సి రావచ్చా, రక్తం ఎన్ని యూనిట్లు సిద్ధం చేయాలి, ఆపరేషన్ తర్వాత ఐసీయూ ఉందా. "పేగు బయట పెడతరట" అన్న మాటకు ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి. పేగు చిల్లుపడి పొట్టంతా చీము పట్టినప్పుడు అక్కడే కలిపితే ఆ కుట్లు ఊడే ప్రమాదం ఎక్కువ. చాలామందికి స్టోమా తాత్కాలికమే, కొన్ని నెలల తర్వాత లోపలికి కలుపుతారు.

తీసిన పేగు ముక్క విషయంలో సర్జన్, నర్సు ఇద్దరికీ గుర్తుండాల్సిన పని ఒకటుంది. టీబీ అనుమానం ఉంటే ముక్క మొత్తం ఫార్మలిన్‌లో వేయకూడదు. ఫార్మలిన్‌లో వేసినది కల్చర్‌కు, అంటే టీబీ క్రిమిని పెంచి చూసే పరీక్షకు పనికిరాదు. కొంత భాగం విడిగా సెలైన్‌లో పెట్టి పరీక్షకు పంపాలి.

మెట్టు 8: వార్డులో, ఆ తర్వాత ఇంట్లో

మర్నాటి నుంచే మంచం దిగి నడిపించాలి. కుట్లు ఊడతాయని కదలనివ్వకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడం జరుగుతాయి. తిండి విషయంలో ముందు గుక్కెడు నీళ్లు, తర్వాత గంజి, జావ, ఆపైన మెత్తటి అన్నం, అదీ డాక్టరు చెప్పాకే. మూడో రోజు నుంచి వారం దాకా కళ్లు తెరుచుకుని ఉండాలి. తగ్గిన జ్వరం మళ్లీ రావడం, నాడి వేగం పెరగడం, పొట్ట ఉబ్బడం, డ్రెయిన్ పైపులో పసరులాంటిది రావడం పేగు కలిపిన చోట లీకుకు గుర్తులు కావచ్చు. రాత్రయినా సరే డ్యూటీ డాక్టరును పిలవండి. ఇంటికి వెళ్లాక ఆరు వారాల పాటు వడ్ల బస్తాలు, నీళ్ల బిందెలు ఎత్తొద్దు.

మెట్టు 9: బయాప్సీ రిపోర్టు

ఎక్కువమంది వదిలేసేది దీన్నే. కుట్లు విప్పించుకుని, నొప్పి లేదు కదా అని ఊరికి పోతారు. రిపోర్టు ల్యాబ్‌లో ఉండిపోతుంది. డిశ్చార్జ్ రోజే రిపోర్టు ఎప్పుడు వస్తుంది, ఎవరిని అడగాలి అని కాగితం మీద రాయించుకోండి. ఆ రోజు ఎవరో ఒకరు వెళ్లి తెచ్చుకుని సర్జన్‌కు చూపించాల్సిందే.

కొవ్వుగడ్డ లాంటిదైతే అక్కడితో సరి. టీబీ అయితే ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు సాధారణంగా ఆరు నెలలు, మధ్యలో ఆపకుండా వాడాలి. పెద్దపేగు క్యాన్సరైతే రిపోర్టులో ఎన్ని లింఫ్ గ్రంథులు పరీక్షించారో చూడండి. కనీసం పన్నెండు ఉండాలి. కీమో అవసరమైతే ఆపరేషన్ తర్వాత ఎనిమిది వారాల లోపే మొదలుపెట్టడం మంచిది కాబట్టి, వరంగల్‌లోనైనా, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టరును) వెంటనే కలవాలి. ఆపరేషన్‌కు ముందు పూర్తి కొలనోస్కోపీ జరగకపోతే, మిగిలిన పెద్దపేగును మూడు నుంచి ఆరు నెలల లోపు చూపించుకోవాలి. ప్యూట్జ్-జెగర్స్ అని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి. చిన్నపేగు చివరి భాగం ఎక్కువగా తీసేసినవాళ్లకు బీ12 తగ్గుతుంది, వాళ్లు ఏటా పరీక్ష చేయించుకుని ఇంజెక్షన్లు వాడాల్సి రావచ్చు.

కారణాన్ని తీసేశాక మళ్లీ రావడం తక్కువే. అయినా పాత తరహా నొప్పి తిరిగొస్తే ఆపరేషన్ నోట్, బయాప్సీ రిపోర్టు, పాత సీటీ సీడీ మూడూ చేతిలో పెట్టుకుని వెళ్లండి. కొత్త డాక్టరుకు పాత ఫిల్ముతో పోల్చి చూసే వీలుంటుంది.